కాస్త సర్దుకోండమ్మా

క్యారేజీ గిన్నెలో అన్నం కుక్కి, మధ్యలో గుంట చేసి దోసావకాయ పెడుతూనే నాగదుర్గ చెవి స్టేషను వైపు వేసింది. నిడదవోలులో రైలుకట్ట పక్కనే ఇల్లు. కూత వినబడగానే మూత బిగించి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తింది. చేపల చెరువు మోటారు విప్పుకుని పెరట్లో కూర్చున్న భర్త అచ్చిబాబు తల ఎత్తలేదు. కూతురు హేమశ్రీ ఇంకా నిద్ర లేవలేదు.

విజయవాడలో కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం ఆమె పని. పెళ్ళికి ముందు నేర్చుకుంది. ఫ్రేములో ఇమిడేదాకా అద్దాన్ని చక్రం మీద తిప్పి తిప్పి వేలికొసలు నున్నబడిపోయాయి. ఆ పని చేయించేవాళ్ళు నిడదవోలులో లేరు.

ఏలూరు రాకముందే ప్యాసింజరు ఆగిపోయింది. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వాలి.

"ఏళ్ళ తరబడి వేస్తామంటున్న ఆ స్పీడు రైలు పడితే ఈ తిప్పలుండవండి," అన్నాడు ఎదుటి సీట్లో ఆరోన్ మాస్టారు. "పని అక్కడ, కాపురం ఇక్కడ. ఊళ్ళు ఖాళీ అవవు. షాపులూ ఫ్యాక్టరీలూ కూడా మన వైపు జరుగుతాయి. ఎంత ఖర్చైనా పెట్టాలండి దానికి."

"నా ఎండుచేపల గంపని ఎక్కనిస్తారేంటండి అందులో?" అంది సూరమ్మ.

"ఎక్కనిస్తారు. వాసనకి మీ పక్కన సీటు ఖాళీగా ఉంటుంది కూడా!"

పెట్టె అంతా నవ్వింది. నాగదుర్గ నవ్వలేదు. అక్కడే రూము తీసుకోమని షాపు యజమాని అన్నప్పుడల్లా ఆమె ఆ రైలునే అడ్డం పెట్టుకుంది, కొన్నాళ్ళు చూద్దామండి అని. మొదటిసారి అలా అన్నప్పుడు హేమశ్రీ అక్షరాలు దిద్దుతోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి.

షాపు చేరేసరికి బల్ల మీద అద్దాలు పేరుకుపోయి ఉన్నాయి.

"రేపట్నుంచి ఈ ఊళ్ళో ఉండి చేస్తే చేయండి నాగదుర్గ గారూ. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాను," అన్నాడు యజమాని.

"అలాగేనండి," అంది, ఏది అలాగో చెప్పకుండా. ఆ రోజు ఒక అద్దం ఎక్కువ అరిగి, ఫ్రేములోంచి జారిపోయింది.

తిరుగు బండిలో, నిడదవోలుకి ముందొచ్చే గూడెం దాకా నిలబడే వచ్చింది. ఇంట్లో మంచం మీద గోడకి ఆనుకోగానే కళ్ళు మూతలు పడ్డాయి. హేమశ్రీ అన్నం కంచంతో వచ్చి పక్కన కూర్చుంది. నాగదుర్గ కళ్ళు తెరవకుండానే మోకాళ్ళు దగ్గరికి ముడిచి, సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"కాస్త సర్దుకోండమ్మా. నలుగురం కూర్చుందాం."

"టికెట్టడుగు, టికెట్టు!" అంటూ అచ్చిబాబు పగలబడి నవ్వాడు. హేమశ్రీ కూడా నవ్వింది. అంతలోనే ఆపేసింది.

"అమ్మా, నేను."

నాగదుర్గ కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది.

"రూము తీసుకోమ్మా," అంది హేమశ్రీ, కంచం చేతికిస్తూ. "ఆదివారం ఒక్కరోజే వచ్చినా, మెలకువగా ఉంటావు."

"ఆ రైలు పడితే..."

"పడ్డాక రోజూ వద్దువుగాని."

అచ్చిబాబు చేతి గ్రీజు లుంగీకి తుడుచుకున్నాడు. "ఈ చెరువుల్ని వదిలి నేనెక్కడికి రాను?" అన్నాడు. ఎవరూ అడగలేదు.

తెల్లవారింది. నాగదుర్గ క్యారేజీ కట్టలేదు. సంచిలో నాలుగు చీరలు సర్దుకుంది. రోజూ ఆ వేళకి నిద్రపోయే హేమశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. కూతురి చెదిరిన పాపిట వేలితో సరిచేసి, నాగదుర్గ మెట్లు దిగింది.

పెరట్లో దండెం మీద, అప్పుడే ఉతికి ఆరేసిన ఆమె నైటీ అంచు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉన్నాయి.