యాభై నాలుగు మార్కుల ఓడ

"సాయంత్రం ఐదింటిలోపు ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరైనా మన ఓడని రేవులోకి తేవాలి. తేలేదా, ఇవాళే ఆటని అమ్మకంలోంచి తీసేయ్. ఇంక నాతో వాదించకు," అన్నాడు రెయినో, ఉడికిన గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ.

లోర్నా వాదించలేదు. మేనమామతో వాదించి నెగ్గినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

రెయినో హెయిటాలా అమెరికాలో డులూత్ రేవు నుంచి ఇనుప ఖనిజం మోసుకెళ్లే ఓడల మీద ముప్ఫై ఒక్క ఏళ్లు చుక్కాని పట్టినవాడు. పదవీ విరమణ అయ్యాక ఊరికే కూర్చోలేక ఇంటిల్లిపాదినీ కాల్చుకు తినేవాడు. బ్యాంకులో ప్రోగ్రాములు రాసుకునే మేనకోడలు ఆ పోరు పడలేక, "మావయ్యా, నీ ఓడని నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తాను, పక్కన కూర్చుని చెప్పు," అంది. నాలుగేళ్లు పట్టింది. ఆమె రాసేది, ఆయన తిట్టేవాడు. "అలా కాదే! ఓడ అలా తిరుగుతుందా? అదేమన్నా నీ కారా?" ఇదీ వాళ్ల పని తీరు. చివరికి 'డిసెంబరు ఓడ' తయారైంది. చలికాలం ముంచుకొచ్చే ముందు ఆఖరి సరుకు దింపుకుని, తుపానులో సుపీరియర్ సరస్సు దాటి, రెండు రాతిగోడల మధ్య ఉన్న ఇరుకు కాలువలోంచి సొంత రేవుకు తిరిగి రావడం. అదే ఆట.

ఆటలు మార్కెట్లోకి రావడానికి రెండు వారాల ముందే విమర్శకులకు ఒక ప్రతి పంపడం ఆనవాయితీ. లోర్నా కూడా పంపింది. ఆ ప్రతిలో ఒక పొరపాటు దొర్లింది. ఓడ కాలువ ముఖంలోకి రాగానే చుక్కాని పనిచెయ్యడం మానేసేది. మూడు రోజుల్లో కనిపెట్టి సరిచేసింది. అమ్మకానికి వచ్చిన ఆటలో ఆ పొరపాటు లేనే లేదు. కానీ ఈలోగా ఒక పెద్ద రివ్యూ సైటు విమర్శకుడు ఆడేశాడు, విసుక్కున్నాడు, రాసిపారేశాడు. వందకి యాభై నాలుగు. "చివరి అంకం పగిలిపోయింది. ఈ ఓడని గట్టు చేర్చడం ఎవరి తరమూ కాదు."

ఆ మాట రాసి ఎనిమిది నెలలైంది. అది నిజమే అయి కూర్చుంది. ఆట ఎవరు ఎక్కడిదాకా ఆడారో లోర్నా కంప్యూటర్లో కనిపిస్తుంది. కాలువ దాకా వచ్చినవాళ్లు ఆరువందల పదకొండు మంది. ఒక్కొక్కరూ ఒకటి రెండు సార్లు గోడకి కొట్టుకుని, "ఆఁ, ముందే చదివాంగా" అనుకుని వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లని లెక్కలోంచి తీసేస్తే, రేవు చేరినవాళ్లు సున్నా.

"నేను బాగు చేశాను మావయ్యా. నువ్వు రోజూ తెస్తున్నావుగా లోపలికి!" అంది లోర్నా, చివరికి ఉండబట్టలేక.

"నా సంగతి వేరు. ముప్ఫై ఏళ్లు తెచ్చినవాణ్ణి, కళ్లు మూసుకుని తెస్తాను. మామూలు మనిషి తేలేకపోతే అది ఆట కాదు, మోసం. రేవు చేరని ఓడని నేను అమ్మను."

ఆ మాట అని, తినకుండానే గుడ్డు పక్కకి నెట్టేశాడు. లోర్నా కాఫీ తాగకుండానే లేచి సామాను వ్యానులో పెట్టింది.

సరస్సు ఒడ్డున హాల్లో ఆటల ప్రదర్శన. నలభై బల్లలు. వీళ్ల బల్ల మీద రెయినో ఒక పాత ఓడ నుంచి ఊడదీసి తెచ్చిన చుక్కాని చక్రం బిగించి ఉంది. చక్రం తిప్పితే తెరమీద ఓడ తిరుగుతుంది. ప్రతి బల్లకీ ఒక అట్టముక్క వేలాడుతుంది. దానిమీద ఆ ఆటకి వచ్చిన మార్కులు. జనం వెతుక్కోనక్కర్లేకుండా నిర్వాహకులు చేసిన ఉపకారం. ఎనభై దాటితే ఆకుపచ్చ, అరవైలోపైతే ఎరుపు. వీళ్లది ఎర్రగా మండుతోంది. దానికింద లోర్నా రాత్రి కూర్చుని చక్కటి అక్షరాలతో రాసిన కాగితం: "రివ్యూలో చెప్పిన చివరి అంకం లోపం సరిచేశాం. దయచేసి ఆడి చూడండి."

పొద్దున్న వచ్చినవాళ్లలో మొదటివాడు క్లేటన్ రస్క్. ఈయన పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతాడు. రివ్యూ చదవకుండా చెప్పులు కూడా కొనడు. చేతిలో నోటు పుస్తకం, అందులో నలభై ఆటలకీ నలభై పేజీలు. చక్రం పట్టుకున్నాడు. సరస్సు మధ్య బాగానే నడిపాడు. కాలువ దగ్గరికి వచ్చేసరికి ఓడ పక్కకి జరిగి రాతిగోడని గుద్దింది.

"ఇదేనండీ! ఇక్కడే పగిలింది," అన్నాడు, పోయిన వస్తువు దొరికినంత సంబరంగా.

"పగల్లేదండీ. ఈశాన్యం గాలి తోస్తోంది."

"గాలి అని మీరంటారు. రాసింది వేరే ఉంది." పుస్తకంలో టిక్కు పెట్టుకుని పక్క బల్లకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాకా ఇదే వరస. ఒక జంట వచ్చింది. "చక్రం పనిచెయ్యట్లేదు," అంది ఆ అమ్మాయి. ఆమె అలా అంటూ ఉండగానే తెరమీద ఓడ ముక్కు నిక్షేపంగా తిరుగుతోంది! ఆ అబ్బాయి కూడా తలూపాడు, "అవును, పనిచెయ్యట్లేదు." కళ్లముందు తిరుగుతున్న ఓడని ఇద్దరూ చూడటంలేదు.

ఆమె అప్పుడు గమనించడం మొదలెట్టింది. వచ్చినవాళ్ల చూపు ముందు ఎర్ర అట్ట మీద, తర్వాత తన కాగితం మీద, ఆ తర్వాతే తెరమీద పడుతోంది. వాళ్లెవరూ ఓడ నడపడానికి కూర్చోవడంలేదు. పగులు ఎక్కడుందా అని వెతకడానికి కూర్చుంటున్నారు. గోడకి కొట్టుకోవడం వాళ్లకి ఓటమి కాదు, రుజువు. ఆ పగులు ఎక్కడుందో చేయిపట్టి చూపిస్తున్నది ఎవరు? విమర్శకుడు ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. తానేమో పొద్దుట్నుంచీ చక్కటి అక్షరాలతో చెబుతూనే ఉంది! చొక్కా మీద మరక పోయిందని కాగితం రాసి తగిలించుకుంటే చొక్కా ఎవరు చూస్తారు?

లోర్నాకి తన మీద తనకే ఒళ్లు మండింది. కాగితం పరపరా చించేసింది. ఎర్ర అట్టని కూడా పీకి కుర్చీలో వేసి దానిమీద కూర్చుంది.

"అట్ట తీస్తే నిర్వాహకులు ఊరుకోరే," అన్నాడు రెయినో.

"తియ్యలేదు. బల్ల దగ్గరే ఉంది. చూడాలనుకుంటే నన్ను లేవమనమను."

ఆయన మీసాల్లో నవ్వు కదిలింది గానీ వెంటనే గోడ గడియారం వైపు చూశాడు. రెండున్నర.

అప్పుడు వచ్చింది వెర్నా హూల్. యాభై దాటిన మనిషి, ఊళ్లో సిటీ బస్సు నడుపుతుంది. యూనిఫాంలోనే ఉంది. నాలుగింటికి డ్యూటీ ఎక్కాలి, బయట చలి కోసేస్తోంది, వెచ్చగా ఉంటుందని హాల్లోకి దూరింది. ఆటలంటే ఆమెకి పట్టదు. చక్రం చూసి ఆగింది.

"ఇది నిజంగా తిరుగుతుందా?"

"తిప్పి చూడండి," అంది లోర్నా. ఇంకో మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. "చివర్లో కాస్త కష్టం" అనబోయింది. ఎనిమిది నెలల అలవాటు మరి.

వెర్నా కూర్చుంది. సరస్సు మీద అలలు, మంచు, ఇంజను రొద. బస్సు నడిపే చేతులు చక్రాన్ని తొందరపెట్టవు. పావుగంటలో ఆమె హాలుని మర్చిపోయింది. అలల్ని బతిమాలుతోంది, బెదిరిస్తోంది, "ఆగమ్మా ఆగు, వస్తున్నా" అంటోంది. వెనక నలుగురు పోగయ్యారు. వాళ్లలో కాఫీ కప్పుతో క్లేటన్.

"ఇంతదాకా బావుంటుందండీ. కానీ చివర్లో..." అని ఆయన మొదలెట్టాడు.

రెయినో ఒక్క అంగలో వెళ్లి ఇంత పెద్ద యాలకుల రొట్టె ముక్క క్లేటన్ చేతిలో పెట్టాడు. "తిను నాయనా. మా చెల్లెలు చేసింది."

"థాంక్సండీ. అదే, చివరి అంకంలో..."

"ముందు తిను. చల్లారితే బావుండదు."

"ఇది చల్లగానే ఉందండీ."

"ఇంకా చల్లారుతుంది. తిను!"

క్లేటన్ నోట్లో కుక్కుకున్నాడు. తెరమీద కాలువ కనిపించింది. రెండు రాతిగోడలు, మధ్యలో నల్లటి నీళ్లు. వెర్నా తిన్నగా మధ్యకి గురిపెట్టింది. గాలి తోసింది. ఓడ దక్షిణపు గోడని ధడేలుమని గుద్దింది.

లోర్నా కళ్లు మూసుకుంది. ఇప్పుడీవిడ లేస్తుంది, బావుందమ్మా అని వెళ్లిపోతుంది.

"ఛ, తప్పు నాదే," అంది వెర్నా. "ముందే తిప్పాల్సింది. ఇంకోసారి వస్తుందా?"

లోర్నా కళ్లు తెరిచి మేనమామ వైపు చూసింది. ఆయన అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఎనిమిది నెలల్లో ఆ మాట ఎవరూ అనలేదు.

రెండోసారి ఓడ ముక్కు లోపలికి వచ్చింది గానీ తోక గోడకి తగిలింది. "నడ్డి పొడుగు దీనికి, నా బస్సుకి లాగే," అంది వెర్నా. మూడోసారి మరీ ఘోరంగా పోయింది. ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "మంచులో కొండ దిగేటప్పుడు బస్సు పక్కకి జారుతుంది. స్టాపు వైపు పెడితే స్టాపు దాటి పోతాం. స్టాపుకి పైన పెట్టాలి, అదే జారి వచ్చి ఆగుతుంది. ఇదీ అంతేనేమో?"

అది ఎవరినీ అడిగిన ప్రశ్న కాదు. రెయినో మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

నాలుగోసారి ఆమె కాలువని వదిలేసి, ఓడ ముక్కుని ఉత్తరపు గోడ చివర దీపస్తంభానికి నేరుగా గురిపెట్టింది. "అయ్యో, గుద్దేస్తోంది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. వెర్నా వినలేదు. గాలి తోసింది. వెయ్యి అడుగుల ఓడ పక్కవాటున మెల్లగా జారింది. దీపస్తంభం కుడివైపు నుంచి వెంట్రుకవాసిలో తప్పుకుంది. ఆమె రెండు చేతులా చక్రాన్ని ఎదురు తిప్పింది. తోక సర్దుకుంది. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో ఓడ!

ఓడలకి దారివ్వడానికి పైకి లేచే ఊరి వంతెన తెరమీద లేచింది. ఓడ కూత పెట్టింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. అది ఏ ఓడ వచ్చినా వంతెనకి పెట్టే పలకరింపు. వంతెన కూడా తన కూతతో అలాగే బదులు పలుకుతుంది. డులూత్ వాళ్లు ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ వింటున్నదే. హాల్లో నలభై బల్లల దగ్గరా తలలు ఇటు తిరిగాయి. ఎవరు మొదలెట్టారో తెలీదు, వంతెన పలికేలోపే రెండొందల గొంతులు బదులు పెట్టాయి. ఊఁ...! ఊఁ! ఊఁ!

తెరమీద "రేవు చేరారు" అని వచ్చింది. లోర్నా కంప్యూటర్లో సున్నా పోయి ఒకటి పడింది. ఆమె గాలిలోకి ఎగిరి కేక పెట్టింది. ఎవరో తెలియని మనిషిని కావిలించుకుంది. రెయినో టోపీ తీసి గుండెకి అదుముకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వెర్నా కంగారుపడి లేచి నిలబడింది. "ఏమైందండీ? ఏమన్నా విరగ్గొట్టానా?"

"లేదమ్మా," అన్నాడు రెయినో, ఆమె రెండు చేతులూ పట్టుకుని. "ఏదీ విరగలేదు. అసలెప్పుడూ విరగలేదు!"

ఆమెకి సంగతి చెప్పేసరికి పగలబడి నవ్వింది. "ముందే చదివుంటే నేనూ మొదటి గుద్దుకే లేచిపోయేదాన్ని," అని కోటు తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది.

క్లేటన్ నోట్లో రొట్టె మింగి, నోటు పుస్తకం లోర్నా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. మొదటిసారి గోడని గుద్దాడు. "ఏం మాస్టారూ, పగిలిందా?" అని వెనకనుంచి ఎకసెక్కం. "లేదు లేదు, నేనే తొందరపడ్డాను," అన్నాడు ఆయన, చెవులు ఎర్రబడుతుండగా. పొద్దున్న గుద్దిన గోడే, పొద్దున్నటి గాలే. అయిదోసారికి తెచ్చాడు. హాలంతా మళ్లీ కూత పెట్టింది. ఆయన తన పుస్తకంలోని పేజీ తనే చించుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వరస తలుపు దాకా పెరిగింది. గుద్దినవాళ్లు తమని తామే తిట్టుకుంటూ మళ్లీ వెళ్లి వరస చివర నిలబడ్డారు. పొద్దున్నటి జంట కూడా వచ్చింది. ఆ అమ్మాయి తెచ్చింది, ఆ అబ్బాయి తేలేదు, ఆమె అతన్ని బతకనివ్వలేదు.

ఐదయింది. దీపాలు ఆర్పుతామని నిర్వాహకులు కేకేశారు. లోర్నా కంప్యూటర్లో అంకె పద్నాలుగు. చక్రం దగ్గర రెయినో కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల చుక్కాని మనిషి ఎలా తెస్తాడో చూడాలని వరసలో మిగిలినవాళ్లంతా ఆయన చుట్టూ మూగారు. ఆయన వాళ్లకి పాత కబుర్లు చెబుతూ, ఒంటిచేత్తో తిప్పుతూ, దర్జాగా కాలువలోకి వస్తున్నాడు.

"మావయ్యా, ఐదయింది," అంది లోర్నా చెవి దగ్గర వంగి. "ఆట తీసెయ్యనా?"

ఆయన ఆమె వైపు తల తిప్పాడు. ఓడ దక్షిణపు గోడని ధడేలుమని గుద్దింది. జనం ఘొల్లున నవ్వారు.

"ఓడది కాదర్రా, తప్పు నాదే! ముమ్మాటికీ నాదే!" అని రెయినో అందరికంటే గట్టిగా నవ్వి, రెండు చేతులా చక్రం పట్టుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏయ్ లోర్నా, ఆ దీపాలవాళ్లని కాస్త ఆగమను. ఇంకోసారి."