గడ్డలోకే వెళ్ళే మందు

ఎవరి గిన్నె ఖాళీ అయితే వాళ్ళది అందుకోవాలి, సగానికి తక్కువే టీ పోసి ఇవ్వాలి, మళ్ళీ అందుకోవాలి. పొద్దున్నించీ రౌషన్‌కి ఇదే పని. తరాజ్ ఊరి నుంచి దిగిన మొగుడి తరఫు చుట్టాలు కబుర్లలో పడ్డారు. కోడలు పక్కకి కదిలితే ఇంటి పరువు పోదూ! కజక్ ఇళ్ళల్లో కొంచెం పోస్తే ఇంకాసేపు కూర్చోమని మర్యాద. నిండా పోస్తే, ఇక దయచేయమని.

ఆమె మనసంతా ల్యాబ్‌లో ఉంది. వెంట్రుక కంటే వందల రెట్లు సన్నని రేణువుల్లో క్యాన్సర్ మందు నింపి నిన్న ఎలుకకి ఎక్కించింది. అవి ఒళ్ళంతా తిరక్కుండా గడ్డలోకే చేరాయో లేదో ఇవాళే స్కాన్‌లో చూడాలి. స్కాన్‌లో వాటిని చూపించే మెరుపు రేపటికి ఆరిపోతుంది, ఏళ్ళ పని మళ్ళీ మొదటికొస్తుంది. ఆ మాటే చెబితే మొగుడు దౌలెత్, "కంటికి కనపడనిదానికి ఇంత హడావిడేంటి? చుట్టాలు కనపడుతున్నారుగా, వాళ్ళని చూసుకో," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు, అందుకే ఎదురు చెబితే తనే గయ్యాళి అయిపోతుంది.

ఆ ధ్యాసలో పెదమామగారి గిన్నె నిండా పోసేసింది.

"పొమ్మంటున్నావా అమ్మాయ్?" అన్నాడాయన.

"బుర్ర ఎక్కడ పెట్టావ్?" దౌలెత్ పళ్ళు కొరికాడు. రౌషన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అత్తగారు కుల్యాష్ లేచొచ్చి కెటిల్ లాక్కుంది. వరసగా అందరి గిన్నెలూ అంచుదాకా నింపేసింది!

"తాగి లేవండి బావగారూ. క్యాన్సర్ మందుకి నా జుట్టూడి, నోరంతా పూసి, మంచినీళ్ళు కూడా దిగనప్పుడు చెంచాతో పోసింది ఇదే. ఇంకొకళ్ళకి ఆ బాధ లేకుండా చూడ్డమే దీని పని. ఏమే, చూస్తావేం? కోటేసుకో!"

పెదమామగారు ఆవిడ మొహంలోకి చూసి, గిన్నెడూ గటగటా తాగేశాడు.

బస్సులో రౌషన్ ఏడ్చేసింది. బాధతో కాదు, కడుపు నిండి. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో తన పనిని పని అన్న మొదటి మనిషి అత్తగారు. ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది.

స్కాన్ తెరమీద ఎలుక ఒళ్ళంతా చీకటి. గడ్డ దగ్గర మాత్రం వెలుగు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"చేరింది అత్తయ్యా!"

"ఇంక ఎవరికీ నోరు పుయ్యదా?"

"ఇది ఎలుకే కదా. మనుషుల దాకా రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది."

"పట్టనీ. నువ్వు మానకు."

వెనకనుంచి దౌలెత్ గొంతు: "ఎన్నింటికొస్తుందో అడుగమ్మా."

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి రౌషన్ టైం చెప్పేది.

"పనయ్యాక," అంది.