మూడో స్తంభం మీద నురగ

ఆపదలో నొక్కమని స్తంభాలకు పెట్టిన ఎర్ర బటన్ల అలారం నోరు మూసింది మీరే. పైన చల్లటి గదిలో తెరల ముందు కూర్చుని, పొద్దున అయిదు నుంచి ఏడు దాకా దాన్ని ఆపేసి ఉంచింది మీరు. "ఈ ఆడవాళ్ళు తుడిచేటప్పుడు గట్టిగా రుద్దుతారు, ఊరికే మోగి చస్తోంది" అన్నారట. స్టేషన్ కింది సబ్‌వేలో ఆ రెండు గంటలూ మేం తప్ప ఎవరుంటారు? మేం తుడుస్తామని ఆపేశారు. మరి మేం అరిస్తే?

మాకు చెప్పనైనా లేదు. మోగడం మానేస్తే, మా చెయ్యే తేలికపడిందని నవ్వుకున్నాం. స్తంభాల మీద నీలం లైట్లు ఎప్పట్లాగే వెలిగేవి. ఆ వెలుగు తడి నేల మీద పడితే నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది. నన్నెవరూ పిలవని గంటలవి. ఎర్ర బటన్‌ను గుండ్రంగా తుడుస్తూ, దీన్ని నొక్కితే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు కదా అనుకునేదాన్ని. నా బతుకులో అలాంటి వస్తువు అదొక్కటే. జ్వరంలో మంచినీళ్ళడిగితే మా ఆయన టీవీ సౌండు పెంచాడు. "నువ్వు పిలిచినప్పుడల్లా రావడానికి నేనేమన్నా అంబులెన్సునా?" అంటే మా అత్తగారు పక్కగదిలోంచి నవ్వింది. ఆ పూట కళ్ళు మూసుకుని మంచం పట్టె మీద వేలు పెట్టి నొక్కాను. ఎక్కడో నీలంగా వెలిగినట్టే అనిపించింది.

సోమవారం పొద్దున నాతో పనిచేసే పిల్ల అవతలి చివర మెట్ల దగ్గర కూలబడి ఉంది. మణికట్టు వాచి వేలాడుతోంది. "ఎవడో చెయ్యి పట్టి లాగాడక్కా. కొరికి తప్పించుకున్నాను. మూడోదాన్ని నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. ఎవరూ రాలేదు."

టికెట్లిచ్చే ఆవిడ తోడెళ్ళి తనని ఆస్పత్రిలో చేర్చింది. నేను బకెట్ కోసం వెనక్కొచ్చాను. మూడో స్తంభం బటన్ మీద సబ్బు నురగ ఆరిపోయి ఉంది. అయిదు వేళ్ళ గుర్తులు, కిందికి జారుతూ. చూశాను. తుడిచేశాను. ఎవరి మరక కనిపించినా నా చెయ్యి నన్నడగదు. ఇంటా బయటా ఇరవై ఏళ్ళుగా దానికి నేర్పింది అదొక్కటే.

మర్నాడు సూపర్‌వైజర్ నా ముందు కాగితం పెట్టాడు. "ఆ పిల్ల అబద్ధమాడుతోంది. నొక్కితే గుర్తుండాలి కదా, బటన్ అద్దంలా ఉంది. తను నొక్కలేదని సంతకం పెట్టమ్మా, తనని పనిలోంచి తీసేస్తున్నాం."

"గుర్తులున్నాయి సార్. నేనే తుడిచేశాను."

"ఆ సంగతి ఇప్పుడెందుకు? నీ పని నువ్వు బాగా చేశావు."

ఈ ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

ఇంట్లో మా ఆయన కాగితం చదివి పెన్ను కూడా తెచ్చిచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. "పెట్టెయ్. అది నీ తోడబుట్టిందా?" అత్తగారు అందుకుంది. "ఉద్యోగం పోగొట్టుకుని రేపట్నించి ఏం తుడుస్తావే?"

"ఇంట్లో తుడవడానికేం తక్కువ లేదులెండి" అని సింకు దగ్గరికి పోయాను. పళ్ళెం మీది నురగలో నా అయిదు వేళ్ళూ పడ్డాయి. కడగబుద్ధి కాలేదు. చూస్తూ నిలబడితే వంటిల్లంతా మెల్లగా నీలం తిరిగింది. గోడ నొక్కితే మోగింది. గిన్నె నొక్కితే మోగింది. వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుని ఆడవాళ్ళు తడి చేతులు తుడుచుకోకుండానే మెట్లు దిగుతున్నారు. నావైపే వస్తున్నారు.

పళ్ళెం అలాగే ఉంచి, తడి చేత్తోనే పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టలేదు. కాగితం వెనక్కి తిప్పి రాశాను.

ఆమె నొక్కింది. ఆ గుర్తు తుడిచింది నేను. అలారం ఆపింది మీరు. ఆ పిల్లని పనిలోంచి తీయడానికి వీల్లేదు. రేపు అయిదింటికి చీపురు పట్టుకునే ముందు అన్ని బటన్లూ నొక్కుతాం. మోగాలి. మా గుడ్డ తగిలి మోగినా సరే, మీరు మెట్లు దిగి రండి.