వీపు మాది, జవాబు మాది

"ఇక్కడ కొడతారా?" అని కాలేజీ నుంచి వచ్చిన పరిశోధకుడు మమ్మల్ని అడిగాడు. జవాబు మేస్త్రీ చెప్పాడు.

"అబ్బే, కన్నబిడ్డల్లా చూసుకుంటాం సార్."

కొవ్వొత్తుల షెడ్డులో మైనం కరిగించి అచ్చులు పోసేది మేమే. పక్క గదుల్లోనే పడుకుంటాం. లోకం మమ్మల్ని మందబుద్ధులంటుంది. మేము మెల్లగా నేర్చుకుంటాం, అంతే.

మాలో పెద్దది లేచి నిలబడింది. దేనికైనా ఎందుకని అడుగుతుంది కాబట్టి ఆమెను 'ఎందుకక్క' అంటాం.

"వీపు నాది కదయ్యా! ఆయనెందుకు చెప్తాడు?"

మేస్త్రీ ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, చేతిని కాగుతున్న మైనంలో ముంచాడు. ఆ కేకకు పైకప్పు రేకులు అదిరాయి. పరిశోధకుడు ముఖం తిప్పుకొని సంచి సర్దుకున్నాడు. తరవాత అతను ఏం రాశాడో అతని దగ్గర చదువుకునే అమ్మాయి వచ్చి చెప్పింది: మేము తృప్తిగా ఉన్నామట.

అన్నాల గదిలో వాదన రేగింది.

"నోరు మూసుకుంటే కూడైనా దొరుకుతుంది," అన్నాడు మాలో ఒకడు.

"కలుపుకు తినే చెయ్యే కాలిపోయిందిరా!" అంది ఎందుకక్క.

మాలో మొద్దన్న అనేవాడికి మాట పెగలడానికి చాలాసేపు పడుతుంది. అందరం ఆగాం.

"మన గురించి... మనమే... అడుగుదాం."

మంచం మంచం తిరిగి అడిగాం. రాయడం రాని వాళ్ళమే ఎక్కువ. అందుకని షెడ్డు గోడమీద బొగ్గుతో నిలువెత్తు మనిషిని గీశాం. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో వాళ్ళే అక్కడ గీత పెట్టారు. చివరికి మనిషి కనబడలేదు, నలుపే మిగిలింది.

"నేనేం చెయ్యాలి?" అంది, మళ్ళీ వచ్చి గోడ చూసిన ఆ చదువుకునే అమ్మాయి.

"మేం చెప్పింది రాయి. నీ సొంత పైత్యం కలపకు," అంది ఎందుకక్క.

గోడ సంగతి మేస్త్రీకి తెలిసింది. సున్నం బకెట్టుతో, కర్రలు పట్టిన మనుషులతో వచ్చాడు. మేము గోడకు ఆనుకొని చేతులు కలిపి నిలబడ్డాం. కర్రలు విరిగాయి. పళ్ళు రాలాయి. మేస్త్రీ ఇనప అచ్చెత్తి మొద్దన్న నడినెత్తిన కొట్టాడు. మొద్దన్న నేలకు ఒరిగాడు, మా చేతులు మాత్రం వదల్లేదు. ప్రాణం పోయాక ఆ వేళ్ళను మేమే విప్పుకోవాల్సి వచ్చింది.

గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుంది. మైనం కాగును దొర్లించాం. కాళ్ళు కాలి మేస్త్రీ పొర్లాడాడు. కర్రల వాళ్ళు కాలికి బుద్ధి చెప్పారు.

మొద్దన్నను తలుపు రెక్కమీద పడుకోబెట్టి కాలేజీ దారి పట్టాం. మిల్లులో పని దిగి వస్తున్న కార్మికులు ఆపారు.

"ఎవరు పోయారు?"

"మావాడు."

"కూలివాడేనా? అయితే మావాడూనూ," అని భుజం పట్టారు.

కాలేజీ హాల్లో పరిశోధకుడు మా గురించే ప్రసంగిస్తున్నాడు. అతని ముందున్న బల్లమీద మొద్దన్నను దించాం. గాజు గ్లాసులు కిందపడి పగిలాయి.

"వీళ్ళను బయటికి గెంటండి!" అని అరిచాడు.

కబురందిన పోలీసుల బూట్లు బయట పరుగెత్తాయి. విద్యార్థులు లేచి తలుపులు మూసి, వాటికి వీపులు ఆనించారు. అవతలి నుంచి తుపాకీ మడమలు దబదబా పడుతున్నాయి. ఎందుకక్క మైకు లాక్కుంది.

"కూచోవయ్యా. ఇప్పుడు మేం అడుగుతాం."

తలుపు చెక్కలు చీలుతుండగానే ఆమె మొదటి ప్రశ్న వేసింది.