దీర్ఘం పట్టని పళ్లెం

అనకాపల్లిలో పుట్టి ఇంటిపేరు బెల్లం అయినవాడి బాధ పగవాడికి కూడా వద్దు. బడిలో హాజరు వేళ ‘బెల్లం త్రినాధరావు’ అనగానే వెనక బెంచీలన్నీ ఈగల్లా ఝుమ్మనేవి. అందుకే కూతురు పుట్టగానే త్రినాధరావు ఒకటే పట్టు పట్టాడు. బెల్లం వాసన తగలని పేరు పెట్టాలి.

కోడలు పురిటి గండం గట్టెక్కితే బిడ్డకు అమ్మవారి పేరే పెడతానని అతని తల్లి కాసులమ్మ అప్పటికే నూకాలమ్మ గుడిలో ఒట్టేసి వచ్చింది.

“ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా. ఈ రోజుల్లో నూకాలేటి?” అన్నాడు కొడుకు.

పది రోజులు ఫోను అరగదీసి ఇసబెల్లా అనే పేరు పట్టాడు. బారసాల నాడు చుట్టాలను కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాడు. దీని పుట్టుక హీబ్రూలో ఎలిషేబ. తెలుగు బైబిల్లో ఎలీసబెతు. ఇంగ్లీషువాళ్లకు ఎలిజబెత్, జర్మనీలో ఎల్సా, స్పెయిన్ వెళ్లేసరికి ఇసబెల్. చుట్టాల చూపులు మాత్రం వంటల వైపే ఉన్నాయి.

“ఇంతకీ అర్థం ఏటి?” అంది కాసులమ్మ.

“దేవుడి మీద ఒట్టు అని.”

“నా ఒట్టు గట్టునెట్టమని, పిల్లకి ఒట్టనే పేరెడతన్నావేట్రా?”

అతను వినిపించుకోలేదు. పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాశాడు. ‘ఇసబెల్ల’ దాకా వచ్చేసరికి అంచు తగిలింది. దీర్ఘం సాగదీయడానికి చోటు లేదు. పేరు పక్కన తీపి ఉండాలని కాసులమ్మ చిన్న బెల్లం ఉండ తెచ్చి, చివరనున్న ఆ ఇరుకులోనే నొక్కింది.

త్రినాధరావు అక్క గంగాభవాని కళ్లజోడు సర్దుకుంది. మేనత్త కాబట్టి చెవిలో పేరు చెప్పే వంతు ఆవిడది. “ఇస... బెల్లం,” అని కూడబలుక్కుని, వంగి పిల్ల చెవిలో మూడుసార్లు “బెల్లం” అనేసింది.

“అప్పా, అది సున్నా కాదే. అమ్మెట్టిన బెల్లం ముక్క,” అన్నాడు త్రినాధరావు అక్కతో.

“సెవిలో పడిపోయింది గదరా. మరి తియ్యలేం.”

ఇల్లంతా ఝుమ్మంది. అతని భార్య కుమారి కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇంటిపేరూ బెల్లమే, పేరూ బెల్లమే. ఆ ఝుమ్మనే చప్పుడు రేపు ఈ పసిది కూడా బడిలో వినాలి కదా అనుకుంటే త్రినాధరావుకు ఏడుపొచ్చింది. తన పొగరు మీద తనకే రోత పుట్టింది.

పిల్లకు రెండో చెవి ఇంకా ఖాళీగానే ఉంది. వంగి, మెల్లగా మూడుసార్లు “నూకాలు” అన్నాడు.

ఈసారి దీర్ఘాలు రెండూ సరిగ్గా పలికాడు.