గోలీ మింగి లోపలికి పొండి

గులాబీలకు పురుగుమందు కొట్టి గంటైనా కాలేదు. గాజుషెడ్డు అద్దాల మీద తడి ఇంకా జారుతూనే ఉంది. మేస్త్రీ తలుపుకున్న ఎర్రగుడ్డ పీకేశాడు.

"గోలీలు మింగారుగా? ఇంకా భయమేంటి? పొండి లోపలికి!"

మందు కొట్టాక ఒక పగలూ ఒక రాత్రీ ఆ గుడ్డ ఉండాలి. అది పాత కట్టుబాటు. పూలకు గిరాకీ పెరిగాక కంపెనీ మాకు గోలీలు పంచింది. కడుపుకు మేలుచేసే క్రిములట, విషాన్ని అవే తినేస్తాయట. మేమూ నమ్మాం. ఉక్కకు తాళలేక మూతిగుడ్డలు కూడా తీసేశాం. మాతో పూలు కోసే పెద్దక్క అయితే రెండేసి మింగి, "నా కడుపులో పటాలమే ఉందర్రా" అని నవ్వించేది. నా భార్య చనిపోయిన ఏడాదంతా తన డబ్బాలో సగం అన్నం నాకు పెట్టిన మనిషి.

ఆ రోజు వరుస మధ్యలో కూలబడింది. నోట చొంగ. కంటిపాపలు సూదిమొనలయ్యాయి. ఐదో నెల కడుపుతో ఉన్న ఆమె కోడలు పరుగెత్తుకొచ్చింది. పెద్దక్క వణికే చేత్తోనే ఆ పిల్లను నెట్టేసింది.

"ముట్టుకోకే! నా ఒంటినిండా మందే. బయటికి పో!"

ఆసుపత్రిలో నర్సు గోలీల పొట్లం చూసింది.

"ఇవి అరుగుదలకు మంచివేనమ్మా. విషం మీద పనిచేస్తాయా అని ఇంకా పరిశోధనలు చేస్తున్నారు. పీల్చిన మందునూ, చర్మంలోకి ఇంకిన మందునూ ఇవి ఆపుతాయని ఎవరు చెప్పారు మీకు? రెండు మూడు రోజులు గడిస్తేగానీ ఆవిడ గురించి ఏమీ చెప్పలేం."

మర్నాడు అరవైమందిమి షెడ్డు ముందు ఆగిపోయాం. లోపల మళ్ళీ మందు వాసన.

"పని పోతే తినేదేంటి?" అంది పూలు కట్టే ముసలామె.

"తినడానికి మనిషంటూ మిగలాలిగా, పిన్నీ!" అంది కోడలు.

"చదువుకున్నోడివి, నువ్వు చెప్పన్నా," అన్నారెవరో నావైపు తిరిగి.

"నాకూ భయంగానే ఉంది. ఒక్కణ్ణే అయితే తలొంచుకుని లోపలికి పోయేవాణ్ణి. అందరం ఉంటే ఆగగలను."

మేస్త్రీ ముఖానికి ముసుగు, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చాడు. కోడలు గోలీ చాపింది.

"ఇది నువ్వు మింగు బాబాయ్. ఆ ముసుగు తీసి ముందు నువ్వు నడు. నీ వెనకే మేమొస్తాం."

అతని చెయ్యి ముసుగు దాకా వెళ్ళి ఆగిపోయింది. "నా పొట్ట కొట్టకే తల్లీ," అన్నాడు మెల్లగా. అతనూ కూలివాడే. ఆ కళ్ళలో ఉన్నదీ మా భయమే.

పోలీసు వ్యాను వచ్చింది. చదువుకున్నవాడే ఎగదోశాడని నన్ను ఎక్కించారు. ఎక్కుతుంటే ఓ కానిస్టేబుల్ ఎవరూ చూడకుండా నా మోచెయ్యి పట్టి ఆసరా ఇచ్చాడు.

వ్యాను కదిలేలోపే కంపెనీ లారీ ఒకటి వచ్చి ఆగింది. దానినిండా కొత్త కూలీలు, అరచేతుల్లో గోలీలు. మావాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లారీ చుట్టూ నిలబడ్డారు. కోడలు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముందుకెళ్ళింది.

"దిగకక్కా. మా అత్తకేమైందో విని, ఆ తర్వాత దిగు."

కిందికి జారిన ఒక కాలు గాలిలో ఆగింది. మళ్ళీ లారీలోకి వెళ్ళిపోయింది.