తాకట్టుకు పనికిరాని గొలుసు

నేను బంగారాన్ని కాను. ఈ ముక్క మొదటే చెప్పేస్తే నాకూ బరువు తగ్గుతుంది, మీకూ ఆశ ఉండదు. నేను ఒక రోల్డుగోల్డు గొలుసును. పుట్టింది బందరు పక్కన చిలకలపూడిలో. రాగి తీగను సాగదీసి, తుంచి, గోధుమ గింజల్లా వంచి, ఒకదానికొకటి తగిలించి, చివరికి పలచగా బంగారు పూత పూస్తే నేనయ్యాను. లోపలొకటి, పైకొకటి. ఈ విషయంలో మనుషులు నన్ను చిన్నచూపు చూడడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

అక్కణ్ణించి గుడివాడలో ఒక ఫ్యాన్సీ కొట్టుకు బస్సులో వచ్చాను. అసలు బంగారమైతే ఇనప్పెట్టెలో, తుపాకీ పట్టుకున్న మనిషి పక్కన కూర్చుని వచ్చేది. నేను అట్టపెట్టెలో, కోడిపిల్లల గంప పక్కన వచ్చాను. దారి పొడుగునా కబుర్లే కబుర్లు. ఆ సుఖం బంగారానికేం తెలుసు?

కొట్టులో ఎన్నాళ్ళో వేలాడలేదు. ఒక మధ్యాహ్నం ఒకావిడ గొడుగు మడుస్తూ లోపలికొచ్చి, సెల్‌ఫోన్లో ఒక ఫొటో చూపించి, "అచ్చం ఇలాంటిదే కావాలి" అంది. కొట్టతను నన్ను తీసి పక్కన పెట్టి చూశాడు. పోలిక కుదిరింది.

"ఎవరికీ తేడా తెలీదమ్మా" అన్నాడు.

"ఊరందరికీ తెలిసినా ఫర్లేదు. ఒక్క మనిషికి తెలియకుంటే చాలు" అంది.

ఆవిడే ఇందుమతి. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. బారువడ్డీ, చక్రవడ్డీ పిల్లలకు కళ్ళకు కట్టినట్టు చెబుతుందని పేరు. ఆ ఒక్క మనిషి ఆవిడ భర్త దాశరథి. రంగుల కొట్టులో సేల్స్ చూస్తాడు. ఫొటోలో ఉన్నది అత్తగారు తులశమ్మ పెళ్ళినాడు కోడలి మెడలో వేసిన మూడు కాసుల గొలుసు. ఆ పొద్దున్నే అది బంగారం అప్పులిచ్చే ఆఫీసులో ఒక కవర్లోకి వెళ్ళి కూర్చుంది. దాని ఖాళీ నింపడానికి నన్ను కొన్నారు.

మెడలోకి వెళ్ళాక నాకు అన్నీ తెలిశాయి. ఆవిడ గుండెకూ నాకూ మధ్య ఒక జాకెట్టు గుడ్డే అడ్డం మరి. ఆయన సంగతులు మాత్రం తర్వాత విన్నవి.

జరిగిందేమిటంటే, ఒకనాడు పక్కింటాయన తన కొడుక్కి జీతం పెరిగిందని చెబుతుంటే, దాశరథికి నోరు ఊరుకోక, "నాకూ పెంచార్లెండి" అనేశాడు. నిజానికి ఆ నెలే యజమాని కమీషను కోసేశాడు. అన్న మాట ఇందుమతి చెవిన పడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. వెలిగిన ఆ మొహాన్ని ఆర్పడానికి దాశరథికి చేతులు రాలేదు. దాంతో నెలనెలా ఎక్కడో ఒకచోట చేబదులు తెచ్చి, లేని పెంపును ఇంటికి మోసుకొచ్చేవాడు. పెరిగిన జీతానికి తగ్గట్టుండాలని కొత్త మోటారుసైకిలు కూడా వాయిదాల మీద కొన్నాడు.

జీతం పెరిగింది కదా అని ఇందుమతి పెద్ద చీటీలో చేరింది. వాషింగ్ మిషను వాయిదాల్లో తెచ్చింది. నాలుగు నెలలకే సరుకుల దగ్గర చెయ్యి ఇరుక్కుంది. చాలట్లేదని చెప్పేదే. కానీ దాశరథి తన స్నేహితుల ముందు, "మా ఇందు చేతిలో రూపాయి పెడితే పావలా మిగిల్చి చూపిస్తుంది" అని పొగిడి ఉన్నాడు. తిట్టిన మొగుడికి ఎదురు చెప్పొచ్చుగానీ పొగిడిన మొగుడికి ఏం చెబుతారు? గొలుసు తీసుకెళ్ళి కుదువపెట్టింది.

అలా ఆయన అప్పు చేసి తెచ్చిన డబ్బును చాలినట్టు చూపించడానికి ఆవిడ అప్పు చేసింది. రాత్రి ఇద్దరూ కూర్చుని, "ఏదో, దేవుడి దయవల్ల మనకి అప్పుల్లేవు" అనుకుంటూ మజ్జిగ తాగేవాళ్ళు. మజ్జిగ మాత్రం అసలైనదే.

స్కూలుకెళ్ళే రోజుల్లో నన్ను బీరువాలో ఎర్ర వెల్వెట్ సంచిలో పెట్టేది. ఒకరోజు ఆవిడ అటు వెళ్ళగానే బీరువా తలుపు కిర్రుమంది. దాశరథి చెయ్యి లోపలికొచ్చింది. చేబదులిచ్చిన వాళ్ళలో ఒకడు కొట్టుకొచ్చి యజమాని ముందే అడుగుతానన్నాడట. "నెలలో తెచ్చి పెట్టేస్తా" అని నాతోనే అన్నాడు. నాతో మాట్లాడిన మొదటి మగాడు అతనే. నాకు సిగ్గేసింది.

వడ్డీ వ్యాపారి రాజలింగం నన్ను గీటురాయి మీద రుద్దాడు. చుక్క ద్రావకం వేశాడు. ఆ మంట ఇప్పటికీ గుర్తే. గీత కాస్తా పచ్చగా పొంగి మాయమైంది. రాజలింగం ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించాడు.

"సార్, ఇది తాకట్టుకి పనికిరాదు. గిల్టు."

"మా అమ్మ పెట్టిందండీ!"

"అమ్మగార్ని ఏమీ అనకండి సార్. పెద్దవాళ్ళకి వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయి."

భార్య మార్చిందన్న ఆలోచన దాశరథి బుర్రలోకి రానే లేదు. రూపాయిలో పావలా మిగిల్చే మనిషి కదా! కన్నతల్లే కోడలికి కంచూ రాగీ అంటగట్టిందని తీర్మానించుకున్నాడు. నన్ను తెచ్చి మళ్ళీ సంచిలో పెడుతూ, "ఇందూ, మా వాళ్ళు నీకు అన్యాయం చేశారే" అని గొణిగాడు. చేబదులు తీర్చడానికి ఫోనులోనే అప్పులిచ్చే యాప్ ఒకటి దొరికింది. ఆ అప్పు ఎలా పిల్లలు పెడుతుందో అతనికి అప్పటికి తెలియదు.

ఆనాటి నుంచి చూడాలి ముచ్చట. తల్లి చేసిన పాపం కడుక్కోవడానికన్నట్టు గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. పూలు తెచ్చాడు. "నీకు తలనొప్పిగా ఉందా?" అని లేని తలనొప్పికి మందు రాశాడు. 'ఈయనకి తెలిసిపోయింది. తెలిసీ పల్లెత్తు మాట అనట్లేదు' అనుకుని ఇందుమతి ఇంకా కుంగిపోయింది. ఆవిడ కంటతడి చూసి, 'దీనికీ గొలుసు సంగతి తెలిసిపోయింది, పైకి అనలేకపోతోంది' అని అతను కుంగిపోయాడు. ఇంత ప్రేమగా కాపురం చేసుకునే జంటను నేను చూడలేదు. ఇద్దరికీ నిద్ర లేదు.

ఎవరిదైనా పెళ్ళి పిలుపొస్తే, "గొలుసెందుకులే, దొంగల భయం" అనేవాడు. "అవునండీ, ఎందుకు" అనేది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలేవారు.

ఈ నాటకానికి తెర దించింది తులశమ్మే. పామర్రులో పెద్దకొడుకు దగ్గరుండే ఆ పెద్దావిడ కళ్ళు చూపించుకోవడానికి గుడివాడ వచ్చింది. ఆదివారం పూట వసారాలో చాప వేసుకుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "అమ్మాయ్, రేపు మా పిన్ని మనవరాలి పెళ్ళి. నా గొలుసు ఓసారి ఇవ్వు, వేసుకెళతా" అంది.

"వద్దమ్మా!" లోపల్నించి దాశరథి అరుస్తూ వచ్చాడు.

"వద్దత్తయ్యగారూ!" పక్కనుంచి ఇందుమతి అంది.

ఇద్దరూ ఒకే మాటన్నందుకు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తులశమ్మ ఈనె తీయడం ఆపింది. "తీసుకురా" అంది. ఆ గొంతుకి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఇందుమతి నన్ను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. పెద్దావిడకు కళ్ళు మసకేగానీ అరచెయ్యి మసక కాదు. ఒక్కసారి ఎగరేసి పట్టుకుంది.

"ఇది నాది కాదు."

అంతే, దాశరథిలో ఇన్నాళ్ళూ కుక్కిన ఆవేశం పొంగింది. "ఇంకా నాటకాలెందుకమ్మా! నువ్వు పెట్టిందే గిల్టుది. ఆ పిల్ల ఇన్నేళ్ళూ నోరు మూసుకుని వేసుకుంది. నీ పరువు కాపాడలేక నేను చచ్చిపోతున్నా!"

"నేను గిల్టు పెట్టానా?" తులశమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని చిక్కుడుకాయలు చాపంతా పడ్డాయి. "మీ నాన్న రెండు పంటల డబ్బు పోసి చేయించిన గొలుసురా అది! ఒరేయ్ దాశీ, ఏ నోటితో అన్నావురా ఆ మాట?"

ఆ క్షణాన ఇందుమతి నోరు మెదపకుంటే ఆ నింద పెద్దావిడ మీదే ఉండిపోయేది. అప్పు ఎవరికీ తెలియకుండా పోయేది. నేనొక్కదాన్నే సాక్ష్యం, నాకేమో నోరు లేదు. ఇందుమతి వచ్చి తులశమ్మ ముందు చాప మీద కూర్చుంది.

"అత్తయ్యగారి తప్పేం లేదండీ. గొలుసు నేనే తాకట్టు పెట్టాను. ఇది నేను కొన్నది."

దాశరథి తల్లి చేతిలోంచి నన్ను లాక్కుని తిప్పి తిప్పి చూశాడు.

ఉన్నట్టుండి ఇందుమతి తల ఎత్తింది. ఎంతైనా లెక్కల టీచరు. "అవునూ, ఇది గిల్టుదని మీకెలా తెలిసింది?"

ఈ ప్రశ్నకు దాశరథి దగ్గర జవాబు ఒక్కటే ఉంది. దాన్ని మింగబోయాడు, మింగుడు పడలేదు. "నేనూ... తాకట్టుకే తీసుకెళ్ళా" అన్నాడు. ఆ వెనకే జీతం పెరగలేదన్నదీ బయటికొచ్చింది.

ఇందుమతి ఏడ్చింది. "నా చేతిలో పావలా కూడా మిగలట్లేదని తెలిస్తే, మీ కళ్ళలో ఏమైపోతానోనని..."

"నాకు ఎదుగూ బొదుగూ లేదని తెలిస్తే నువ్వు..." అని అతనూ కళ్ళు తుడుచుకున్నాడు.

తులశమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఊళ్ళోవాళ్ళ ముందు పరువు కోసం అప్పు చేస్తారని విన్నాను గానీ, ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు ఒకళ్ళ ముందు ఒకళ్ళు పరువు కోసం చేస్తారని ఇప్పుడే చూస్తున్నా" అంది. "కూర్చోండి ఇటు. ఏడుపు తర్వాత. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో నోటితో చెప్పండి. అప్పుకో చిక్కుడుకాయ."

దాశరథి ఒక కాయ పెట్టాడు. ఇందుమతి ఒకటి. అతను ఇంకోటి. "అయిపోయాయి" అన్నాడు. తల్లి చూసింది. "ఇంకోటుంది" అన్నాడు. ఇందుమతి ఒకటి పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది. మోటారుసైకిలుకు పెద్ద కాయ. యాప్ అప్పుకు ఒకటి పెట్టబోతే, "వడ్డీ మీద వడ్డీ అండీ అది, దానికి రెండు" అని ఇందుమతే చేర్చింది. కుప్ప పెరిగింది. దాన్ని చూసి ముందు భయపడ్డారు. తర్వాత ఎవరు మొదలుపెట్టారోగానీ నవ్వు వచ్చింది. కడుపు పట్టుకుని నవ్వారు. మధ్యాహ్నం ఆ అప్పులన్నీ ముద్దకూర వండుకుని తిన్నారు. తులశమ్మ బోసి మెడతోనే పెళ్ళికెళ్ళింది. ఎవరైనా అడిగితే, "వేసుకోవాలనిపించలేదు" అందట. కొడుకు అన్న మాటకు మాత్రం మూడు వారాలు అతనితో మాట్లాడలేదు.

కూర తిన్నంత తేలిగ్గా అప్పులు తీరవు. మోటారుసైకిలు అమ్మేశారు. దాశరథి పాత స్కూటరుకు దుమ్ము దులిపాడు. వెళ్ళే ముందు దాన్ని రెండుసార్లు తన్నాలి, బతిమాలాలి. ఇందుమతి చీటీ పాడుకుని, ముందుగా యాప్ నోరు మూయించింది. జీతాలు రాగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడుకోవడమంటే మొదట్లో పోట్లాటే. "టీలకింతా?" అని ఆవిడ, "క్లిప్పులకింతా?" అని ఆయన. ఒకసారి రెండు రోజులు మాటల్లేవు కూడా. ఇద్దరికీ చేతిఖర్చుకు వేరేగా కొంత ఉంచుకుని, దానికి లెక్క అడగకూడదనుకున్నాక ఇల్లు కుదుటపడింది. ఒకనాడు దాశరథి పులస చేప ముక్క తెస్తూ, వీధి గుమ్మం నుంచే, "అప్పు చేసి కాదు! నా చేతిఖర్చులోంచే!" అని కేకేశాడు. వీధి వీధంతా వింది. పక్కింటాయన కిటికీ తెరిచి మరీ విన్నాడు.

ఏడాది తిరిగాక ఇద్దరూ కలిసి వెళ్ళి అసలు గొలుసును విడిపించుకొచ్చారు. నా పక్కనే పెట్టారు. మెరుపులో నాకంటే ఒక మెట్టు పైనే, ఒప్పుకుంటాను. "ఇన్నాళ్ళూ ఏం చూశావమ్మా?" అని అడిగాను. కవరు లోపలి చీకటి తప్ప ఏమీ చూడలేదట. నాకు జాలేసింది. నా పూత మెడ దగ్గర వెలిసిపోయి రాగి కనబడుతోంది. నన్నిక పారేస్తారని తెలుసు. ఏ పిన్నీసుల డబ్బాలోనో, పాతసామాన్ల బండిలోనో తేలతాను. సిద్ధపడే ఉన్నాను.

ఆ సాయంత్రం బజారుకు బయలుదేరుతూ ఇందుమతి అద్దం ముందు నిలబడి రెంటినీ చూసింది. ఒకదాన్ని సంచిలో పెట్టి తాళం వేసింది. ఇంకోదాన్ని మెడలో వేసుకుని, కొక్కెం పెట్టమని దాశరథికి వీపు తిప్పింది.

"ఏది వేసుకున్నావ్?"

"మీరే చెప్పండి."

అతను వంగి పరీక్షగా చూశాడు. వేలితో రుద్దాడు. "పంటితో కొరికి చూస్తేగానీ తేలదు" అన్నాడు.

"ఛీ, తలుపు తీసుంది" అంది ఆవిడ.

దాశరథి వెళ్ళి తలుపు వేసొచ్చాడు. నేను మెడలోనే ఉన్నాను. బజారుకు ఆరోజు ఆలస్యంగా వెళ్ళాం.